జై కొడితేనే నీళ్లు

అనగనగా ఒక అడవి. ఆ ఏడాది ఎండలకు వాగు ఇంకిపోయి ఇసుక తేలింది. ఇక నీటి ఊట మిగిలింది ఒక్క ఎలుగుబంటి గుబురయ్య గుహలోనే.

గుబురయ్య అంటే మాటలా? నాలుగు అడవులకు తేనె అమ్మే పెద్ద వ్యాపారి. ఆయనకు ఉన్నట్టుండి దయ పుట్టుకొచ్చింది. పొరుగు అడవి నుంచి ఇంకో తేనె వ్యాపారి దిగిన మర్నాడే పుట్టిందనుకోండి! దారి పక్కన తాటాకు పందిరి వేసి చలివేంద్రం పెట్టాడు. మూడు కుండలు, మూడింటి మీదా తన పేరే.

అది చూసి ముళ్లపంది కంటకమ్మకు ఒళ్లు మండింది. ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"ఇది దానమా, దండోరానా? ఆ నీళ్లు మనం ముట్టం" అంది.

"అమ్మా, దాహం" అంది ఆమె పిల్ల చిట్టి.

"ఓర్చుకో తల్లీ" అంది కంటకమ్మ.

మొదటి రోజు ఓర్చుకున్నారు. రెండో రోజు వాగులో చెలమ తవ్వారు. చేతులు నొప్పి పుట్టాయే కానీ చుక్క పడలేదు. మూడో రోజు చిట్టి లేవలేకపోయింది. వీపున ఎక్కించుకుందామంటే ముళ్లాయె! కంటకమ్మే మెల్లగా లేవదీసి, నడిపించుకుంటూ పందిరికి తీసుకెళ్లింది.

అక్కడ కొండముచ్చు గరిటె పట్టుకుని నిలబడి ఉంది. "'గుబురయ్య తేనెకు జై' అంటేనే నీళ్లు" అంది.

చిట్టి నోరు తెరిచింది. మాట రాలేదు.

"నాలుక పిడచకట్టిన పిల్ల జై ఎలా కొడుతుందిరా?" అంది కంటకమ్మ.

"నేనేం చేయను పిన్నీ, అయ్యగారి మాట."

కంటకమ్మ పిల్లను చూసింది. సిగ్గంతా దిగమింగుకుని, "గుబురయ్య తేనెకు జై!" అని అరిచింది. చిట్టి గటగటా తాగింది.

"చల్లగా ఉన్నాయమ్మా!" అంది. కంటకమ్మకు ఏడుపొచ్చింది. రెండు రోజులు పిల్లను ఎండబెట్టినందుకు తనను తానే తిట్టుకుంది.

వారం తిరిగేసరికి అడవంతటికీ ఆ జై నోటికొచ్చేసింది. కొత్త వ్యాపారి తన తేనె కొనేవాళ్లు లేక మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాడు. ఆయన వెనకాలే గుబురయ్య దయ కూడా వెళ్లిపోయింది. కుండలు ఎండిపోయాయి. పేర్లు మాత్రం మెరుస్తూనే ఉన్నాయి.

"పదండి, వెళ్లి నాలుగు తిట్టి వద్దాం" అంది కుందేలు.

"తిడితే గుహ మూసుకుంటాడు. ఆయనకు కావలసింది పేరేగా? అదే ఇద్దాం" అంది కంటకమ్మ.

మర్నాడు పొద్దున్నే అందరూ పందిట్లోని ఆ ఖాళీ కుండలతో దారి మీద నిలబడ్డారు. తేనె కొనడానికి వచ్చేవాళ్లకు వాటిని బోర్లించి చూపిస్తూ, "గుబురయ్య ఖాళీ కుండలకు జై!" అని అరిచారు. వచ్చినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

గుబురయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఆపు తల్లీ! నా పరువు గంగలో కలుస్తోంది!"

"ఆ గంగే ఉంటే మాకీ గోల ఎందుకు గుబురయ్యా? కుండలు నింపు. ఇక జై అడగకు" అంది కంటకమ్మ.

వానలు పడేదాకా గుబురయ్య తన చేతులతోనే నీళ్లు మోశాడు. తడికి కుండల మీద పేర్లు చెరిగిపోయాయి. ఆయన మళ్లీ రాయించలేదు. మనసు మారిందో, రంగు అయిపోయిందో మరి! కంటకమ్మ అడగలేదు. కానీ రోజూ పొద్దున్నే వచ్చి, కుండల్లోకి ఓసారి తొంగిచూసి వెళ్లేది.

నీతి: ఇచ్చేవాడి మనసు ఎలాంటిదైనా దాహం తీరుతుంది, ఆ నీళ్లు రేపు కూడా ఉండాలంటే మాత్రం ఆ మనసు మీద ఒక కన్నేసి ఉంచాలి.