కింద మూల పేరు

పదకొండు రోజులుగా ఓబులేసు ఒక పాత బ్రౌజర్‌తో కుస్తీ పడుతున్నాడు. పన్నెండో రోజు పొద్దున కుర్చీ వెనక్కి నెట్టి లేచి, "నాతో కాదు ఉస్తాద్" అన్నాడు.

పని చూడబోతే చిన్నదే. వికలాంగుల సర్టిఫికెట్ల కోసం ఆరు నెలలకొకసారి జిల్లా కేంద్రంలో డాక్టర్ల శిబిరం పెడతారు. అక్కడ చూపించుకోవాలంటే ముందుగా ఇంటర్నెట్‌లో స్లాట్ తీసుకోవాలి. మొత్తం నాలుగు వందల స్లాట్లు, మూడు రోజుల గడువు. ఆ స్లాట్లు ఇచ్చే పేజీ తయారుచేసే పని కర్నూలు పాతబస్తీలో టైర్ల కొట్టు మీది గదికి వచ్చింది.

గది మాసుంపీర్‌ది. ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, అందరికీ ఉస్తాదే. ఒకప్పుడు దుకాణాలకి బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి కుంచెలవాళ్లని ఇంటికి పంపేస్తాయని అందరికంటే ముందు పసిగట్టి, నలభైకి దగ్గరపడుతున్న వయసులో కంప్యూటర్ ముందు కూర్చుని వెబ్ పేజీలు రాయడం నేర్చుకున్నాడు. ఆయన దగ్గర పని నేర్చినవాళ్లు ఇప్పుడు పెద్ద ఊళ్లలో పెద్ద కుర్చీల్లో ఉన్నారు.

ఆ గదిలో నియమం ఒకటే. బోర్డు రాసినవాడు కింద కుడి మూల చిన్న అక్షరాల్లో తన పేరు వేసుకుంటాడు కదా, అలాగే పేజీ రాసినవాడు కూడా కోడ్ అంతా అయిపోయాక చిట్టచివర పేరు, ఊరు, తేదీ రాయాలి. పేజీ వాడేవాళ్లకి అది కనపడదు. లోపలికి తొంగిచూసేవాడికే కనపడుతుంది. ఓబులేసుకి ఇదంతా ముసలాయన చాదస్తంగా తోచేది. అయినా రాసేవాడు, తన పేజీలంటే తనకి ముద్దు కాబట్టి.

ఇక పాత బ్రౌజర్ సంగతి. పల్లెజనం ఇలాంటి పనులకి వెళ్లే మండల సేవా కేంద్రాల్లో కంప్యూటర్లు పాతవి, వాటిలోని బ్రౌజర్ ఇంకా పాతది. దాన్ని పుట్టించిన కంపెనీయే ఇక మాకు సంబంధం లేదని చేతులు దులిపేసుకుంది. సేవా కేంద్రాల్లో మాత్రం దానికి ఇంకా రిటైర్మెంట్ రాలేదు.

కొత్త బ్రౌజర్లలో ఓబులేసు పేజీ ముచ్చటగా ఉంది. పాతదానిలో తెరిస్తే వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. తెలుగు అక్షరాలు ఖాళీ డబ్బాలయ్యాయి. నొక్కాల్సిన బటను బొమ్మ కిందికి దూరింది. బటన్ని బయటికి లాగితే తేదీల పట్టిక మాయమైంది. తేదీలు తెస్తే పేజీ మొత్తం తెల్లకాగితమైంది. పదకొండు రోజులు ఇదే తంతు.

"తప్పు నాది కాదు ఉస్తాద్" అన్నాడు ఓబులేసు, గోడకి అంటించిన కాగితం చూపిస్తూ. వెబ్ పేజీలు ఎలా రాయాలో, బ్రౌజర్లు వాటిని ఎలా చూపించాలో దేశదేశాలవాళ్లు కూర్చుని రాసుకున్న ప్రమాణాలు ఉన్నాయి. ఓబులేసుకి అవి కంఠతా. ఆ ప్రమాణాల ప్రకారం తనిఖీ చేయిస్తే అతని పేజీలో తప్పులు సున్నా అని వచ్చింది. అది అచ్చు తీసుకుని మరీ గోడకెక్కించాడు. "నేను రూలు ప్రకారం రాసినా. ఆ దరిద్రానికి రూలే తెలీదు. దానికోసం నేనెందుకు దిగజారల్ల?"

ఉస్తాద్ తెర వైపు కాసేపు చూశాడు. "సోకులన్నీ తీసెయ్. పేరు, ఊరు, తేదీ, ఒక బటను పెట్టు. అది యాడైనా నడుస్తాది."

"అది పేజీనా ఉస్తాద్? సంతలో రాసిచ్చే చీటీ మాదిరి ఉంటాది."

ఆ మధ్యాహ్నమే ఉస్తాద్ ఆదోనిలో చెల్లెలి కూతురి పెళ్లికి బయల్దేరి పోయాడు.

ఆయన బస్సెక్కగానే ఓబులేసు తనకి నచ్చినట్టు చేశాడు. పేజీని ఉన్నదున్నట్టు, అన్ని సోకులతో, ఇంటర్నెట్‌లోకి ఎక్కించాడు. చివర పేరు, ఊరు, తేదీ దర్జాగా రాసుకున్నాడు. పాత బ్రౌజర్‌తో వచ్చేవాళ్ల కోసం వేరే ఒక పేజీ పెట్టాడు. అందులో రెండే వాక్యాలు. "మీ బ్రౌజర్ కాలం చెల్లినది. కొత్తది వేసుకుని రండి." అక్షరాలు డబ్బాలు కాకుండా ఉండాలని వాటిని బొమ్మగా చేసి అతికించాడు. ఆ పేజీ కింద పేరు రాయడం అతనికి తోచలేదు. అంత గొప్ప పేజీ ఏం కాదు కదా అది.

నాలుగు రోజుల తర్వాత ఉస్తాద్ తిరిగొచ్చేసరికి గడువు ముగిసిపోయింది. ఓబులేసు ముఖం వెలిగిపోతోంది.

"నాలుగు వందలూ నిండినాయి ఉస్తాద్. ఒక్కటి మిగల్లే."

"యాడియాడ నుంచి?"

"ఎక్కువ భాగం టౌన్ నుంచే. ఫోన్లలో తీసుకున్నారు." కాస్త ఆగి, "యాడ నుంచైతే ఏమి, నిండినాయి కదా" అన్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. ఓబులేసు తీశాడు.

"సార్, గార్లపెంట సేవా కేంద్రం నుంచి మాట్లాడ్తాండా. నా పేరు మేరీ సుజాత. మీ పేజీ మా దాంట్లో మూడు దినాలూ తెరుచుకోలే. వచ్చేసారైనా..."

"అక్కడే రాసినా కదమ్మా. కొత్త బ్రౌజర్ వేసుకోండి" అని పెట్టేశాడు.

ఉస్తాద్ ఏం రాశావని అడిగాడు. ఓబులేసు ఆ రెండు వాక్యాల పేజీ చూపించాడు. ఉస్తాద్ దాన్ని చదివాడు. తర్వాత లోపలి కోడ్ తెరిచి, కిందిదాకా చూసి, మూసేశాడు. సొరుగులోంచి పెన్ డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు.

"దీంట్లోకి కొత్త బ్రౌజర్ ఎక్కించుకో. గార్లపెంటకి పొయ్యి, వేసి రా."

"నేనా?"

"రమ్మని రాసినావు. వాళ్లు రాలేకపోయినారు. నువ్వు పో."

"మండలానికొక కేంద్రం ఉంది ఉస్తాద్. ఎన్నింటికని పోయేది?"

"ఒక్కదానికి వేసి రా. చాలు."

గార్లపెంటకి బస్సులో రెండు గంటలు. దారి పొడుగునా ఓబులేసు పళ్లు నూరుకుంటూనే ఉన్నాడు. సేవా కేంద్రం పాత గిడ్డంగిలో సగం గది. ఒక కంప్యూటర్, ఒక ఫ్యాను, గోడవారగా ఒక బెంచీ. బెంచీ మీద నలభై అయిదేళ్ల మనిషి చంకకర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

మేరీ సుజాత లేచి తన కుర్చీ ఇచ్చింది. "కొత్తది వేసుకోని రండి అని రాసింది మీరేనా సార్? చక్కగా కనపడింది. మీ పేజీల్లో మా దాంట్లో సరిగ్గా కనపడేది అదొక్కటే."

ఆమె ఎకసెక్కానికి అనలేదు. ఉన్నమాట చెప్పింది. ఓబులేసు వినిపించుకోనట్టు పెన్ డ్రైవ్ పెట్టి కొత్త బ్రౌజర్ ఎక్కించబోయాడు. తెర మీద చిన్న గడి తెరుచుకుంది. ఈ కంప్యూటర్ మరీ పాతది, ఇందులోకి ఎక్కడం కుదరదు, కొత్తది చూసుకోండి అని దాని సారాంశం. రాసిన తీరు మర్యాదగానే ఉంది. ఓబులేసుకి చెంప మీద కొట్టినట్టయింది.

పెన్ డ్రైవ్‌లో ఇంకొంచెం పాత రకం ఒకటి ఉంది. అది ఎక్కుతుంది, కానీ ఉన్నదాన్ని తీసేస్తే తప్ప ఎక్కదు. నొక్కబోతుంటే సుజాత చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉన్నదాన్ని తియ్యొద్దు సార్. తీస్తే పింఛన్ల పేజీ తెరుచుకోదు. మండలంలో ముసలోళ్ల పింఛన్లన్నీ దాంట్లోనే. నా హాజరూ దాంట్లోనే. ఈ బ్రౌజర్‌లో తప్ప అది రాదు. కంప్యూటర్ మార్చమని నేను మూడు తూర్లు రాసినా. మారిస్తే పింఛన్లు ఆగిపోతాయని పై ఆఫీసోళ్లే వద్దన్నారు."

బెంచీ మీది మనిషి గొంతు సవరించుకున్నాడు. "సారూ, కర్నూలు నుంచి వచ్చినారంట. నా చీటీ ఇప్పుడన్నా పనికొస్తాదా?"

అతను చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి డాక్టర్ రాసిచ్చిన కాగితం తీసి, మడత విప్పి చూపించాడు. కాగితం కొత్తగా ఉంది.

సుజాత గొంతు తగ్గించి చెప్పింది. "ఈయన తిమ్మప్ప, సార్. బండల ఫ్యాక్టరీలో రాయి పడి కాలు పోయింది. మొదటి దినమే వచ్చినాడు. ఈడ ఫోన్లలో నెట్ అందదు, ఉన్నది ఈ కంప్యూటరే. మీరు రాసింది చూసి, పాతదంట, కొత్తది కావల్లంట అని నేను పైకి అన్నా. నేనన్నది బ్రౌజర్ గురించి. ఈయన తన చీటీ అనుకున్నాడు. నాకు చెప్పకుండా డోన్ ఆస్పత్రికి పొయ్యి కొత్తది రాయించుకోని వచ్చినాడు. ఆ కాలితో రెండు దినాలు. పోకున్నా జరిగేదేం లేదనుకోండి."

ఓబులేసు ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు గానీ అందులో ఒక్క ముక్కా చదవలేదు. "స్లాట్లు అయిపోయినాయి అన్నా" అన్నాడు.

"మళ్లా ఎప్పుడు?"

"ఆరు నెలలకి."

"ఆర్నెల్లు." తిమ్మప్ప కాగితం తీసుకుని ఉన్న మడతల మీదే మళ్లీ మడిచాడు. "అప్పటికి ఇది గూడా పాతదైపోతాదేమో" అంటూ కవర్లో పెట్టుకున్నాడు.

తిట్టినా బాగుండేదని ఓబులేసుకి అనిపించింది. సిగ్గు వేసింది, సిగ్గు వెనకే కోపం వచ్చింది, ఆ కోపానికి ఒక మనిషి కావాలి. తెర వైపు తిరిగి పింఛన్ల పేజీ తెరిచాడు. అడుగున పసుపు అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఈ పేజీ ఈ బ్రౌజర్‌లో మాత్రమే తెరుచుకుంటుంది, వేరేది వాడేవారు మార్చుకుని రాగలరు.

"ఎవడమ్మా దీన్ని రాసినాడు?" అన్నాడు. "వానివల్లే కదా మీకు ఈ గతి. వాడు సరిగ్గా రాసింటే ఈ పాత బ్రౌజర్ ఎప్పుడో పోయుండు. ఈయన స్లాట్ ఈయనకి వచ్చుండు."

"ఏమో సార్. నేను చేరేతలికే ఉండె."

ఓబులేసు లోపలి కోడ్ తెరిచాడు. చదివే కొద్దీ ఒళ్లు మండింది. ప్రమాణాల ఊసే లేదు. ఆ ఒక్క బ్రౌజర్‌కి మాత్రమే అర్థమయ్యే మాటలతో మొదలుపెట్టి అలాగే ముగించాడు రాసినవాడు. తప్పులు లెక్కపెట్టుకుంటూ, ఒక్కొక్క దానికి ఒక్కొక్క తిట్టు పళ్ల మధ్య కొరుకుతూ, చిట్టచివరికి వచ్చాడు.

మాసుంపీర్, కర్నూలు, 9-3-2005.

"ఏమి సార్, తెలిసినోడేనా?" అంది సుజాత.

"తెలిసినాయనే" అన్నాడు ఓబులేసు.

పెన్ డ్రైవ్ తీసుకుని లేచాడు. బస్సులో రెండు గంటలూ కిటికీ పక్కనే కూర్చున్నా, దారిలో ఏ ఊళ్లు వచ్చాయో అతనికి గుర్తులేదు.

సాయంత్రానికి గదికి చేరేసరికి ఉస్తాద్ కింద టైర్ల కొట్టు ముందు నిలబడి బోర్డు రాస్తున్నాడు. ఫ్లెక్సీ రెండు ఎండలకే వెలిసిపోతోందని కొట్టువాడు ఆయన్ని బతిమాలుకున్నాడు. ఓబులేసు పక్కన నిలబడ్డాడు. ఉస్తాద్ తిరిగి చూడలేదు.

"వేసినావా?"

"లేదు."

కుంచె ఒక అక్షరం పూర్తిచేసింది.

"ఆ పింఛన్ల పేజీ రాసింది మీరే" అన్నాడు ఓబులేసు.

"నేనే."

"మీరు ఎట్ల రాసినారు ఉస్తాద్ అట్ల?"

ఉస్తాద్ కుంచెని డబ్బా అంచుకి రాసి, ఎక్కువైన రంగు దించాడు. "ఆ యేడు అదే కొత్తది. నూటికి తొంభై మంది దగ్గర అదే ఉండె. మిగతా పదిమందిని మార్చుకోని రమ్మని రాసినా. పసుపు రంగులో."

"మళ్లా మార్చలేదే?"

"పింఛన్ల ఆఫీసులో నాలుగు తూర్లు అర్జీ పెట్టినా. కూలీ వద్దు, ఊరికే చేసిస్తా అని గూడా అడిగినా. నడుస్తాంది కదా పీరా, నీకేం నొప్పి, అన్నారు." ఆయన గొంతులో కోపం లేదు. చాలా ఏళ్లు వాడి అరగదీసిన మాటలా ఉంది అది. "ప్రతి నెలా పింఛన్ల దినం వచ్చిందంటే నాకు ఆ పసుపు రంగే కండ్లముందర."

బోర్డు అయిపోయింది. ఉస్తాద్ వంగి, కింద కుడి మూల సన్నని కుంచెతో పేరు వేసి, తేదీ వేశాడు. చేతులు తుడుచుకుని మెట్లెక్కాడు. ఓబులేసు వెనకే ఎక్కాడు.

గోడ మీద తప్పులు సున్నా కాగితం అలాగే ఉంది. ఉస్తాద్ దాని జోలికి పోలేదు. కంప్యూటర్‌లో ఓబులేసు పెట్టిన రెండు వాక్యాల పేజీ తెరిచాడు. లోపలి కోడ్‌లోకి వెళ్లి, చివరి వరస కింద ఖాళీ జాగాలో కర్సర్ పెట్టి, కుర్చీ వదిలి లేచాడు.

"దీనికి పేరు రాయడం మర్చిపోయినావు" అన్నాడు.

ఓబులేసు కూర్చున్నాడు. కర్సర్ ఆరుతూ వెలుగుతూ ఉంది. అతని చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి.

"తీసేస్తా ఉస్తాద్" అన్నాడు. "ఈ పేజీని ఇప్పుడే తీసేస్తా. మీరు చెప్పినట్లే చీటీ మాదిరి రాస్తా."

"తీసెయ్" అన్నాడు ఉస్తాద్. "ముందు పేరు రాయి."