ఓట్లకొచ్చిన దేవుడు

వెదుళ్ళపాలెంలో తెలివి ఎక్కడైనా ఉందంటే అది తమ ఇంట్లోనే అని బంగారమ్మకు గట్టి నమ్మకం. మొగుడు అప్పలసూరి, మరిది గవరయ్య కూడా ఆ మాటే అనేవారు. "ఊళ్ళోవాళ్ళకి ఒకటి చెబితే ఇంకోటి అర్థమవుతుంది. మనకి చెప్పింది చెప్పినట్టే అర్థమవుతుంది" అని ఒకరినొకరు మెచ్చుకున్నాకే అన్నాలకి కూచునేవారు.

తెలివికి లోటు లేదు గానీ నీళ్ళకే లోటు. వీధిలో నూతి నీళ్ళు ఉప్పు. బంగారమ్మ పొద్దునా సాయంత్రం బిందె చంకనెత్తుకుని కాలవ దాకా నడవాలి. నడుం పడిపోయింది. వీధి చివర ఒక్క కుళాయి పడితే చాలు, ఆవిడకింక ఏ కోరికా లేదు.

అలాంటప్పుడు ఎన్నికలొచ్చాయి. శేషగిరిబాబు నిలబడ్డాడు. నిన్నటిదాకా ఇసక లారీలు తిప్పుకున్న మనిషి. ఇప్పుడు నెత్తిన కిరీటం, మెళ్ళో దండలు, భుజాన విల్లు. ఇసక లారీయే రథమైంది. ముందు భజన, వెనక జెండాలు.

"మా బాబు మనిషి కాడు తల్లీ, సాక్షాత్తూ దేవుడు. ఆయనకి ఓటెయ్యడమంటే పూజ చెయ్యడమే. ఏం కావాలో మొక్కుకోండి" అన్నాడు మైకు పట్టుకున్నవాడు.

అంతే, బంగారమ్మ చెంపలేసుకుంది. "విన్నావా, దేవుడట."

"మైకులో చెప్పాడు కదే, అబద్ధం ఎందుకవుతుంది" అన్నాడు అప్పలసూరి.

"కిరీటం కూడా ఉంది వదినా" అన్నాడు గవరయ్య.

బంగారమ్మ కుళాయి కావాలని మొక్కింది. శేషగిరిబాబు లారీ మీంచి చెయ్యెత్తి, "తథాస్తు. నన్ను మీ ఇంటి దేవుణ్ణే అనుకో చెల్లెమ్మా. ఇవాళ మీ ఇంట్లోనే నా భోజనం" అన్నాడు. పేదింట్లో తింటూ ఫోటో దిగాలని ఆయన ఉబలాటం.

ఇంకేముంది, పులిహోర, గారెలు, బూరెలు. స్వామిని పీట మీద కూచోబెట్టి విస్తరి పెట్టారు. ఎండన పడి తిరిగొచ్చాడేమో, ఆత్రంగా చెయ్యి చాపాడు. అప్పలసూరి దుప్పటి అడ్డం పట్టాడు. గవరయ్య గంట వాయించాడు. గంట ఆగీ ఆగకముందే బంగారమ్మ విస్తరి ఇవతలికి లాగేసింది. ముగ్గురూ కళ్ళకద్దుకుని తినడం మొదలెట్టారు.

"నాకేదీ?" అన్నాడు శేషగిరిబాబు.

"మీరు ఆరగించేశారు కదా స్వామీ."

"ఎప్పుడు?"

"ఇందాకే, దుప్పటి వెనకాల."

ఫోటోవాడు మాత్రం దుప్పటిని చక్కగా ఫోటో తీసుకున్నాడు.

ఆకలికి శేషగిరిబాబు మొహం కందగడ్డయింది. "స్వామికి ఆగ్రహం వచ్చింది, చల్లబరచాలి" అంది బంగారమ్మ. అంతే, బిందెడు నీళ్ళు, కుండెడు మజ్జిగ, చేటెడు పంచదార కిరీటం మీంచి దిగబోశారు. ఓట్లున్న ఇల్లు కదా, తిట్టడానికి లేదు. చీమలు దులుపుకుంటూ, నవ్వుతూనే లారీ ఎక్కాడు దేవుడు.

ఓట్ల రోజు ముగ్గురూ తలంటు పోసుకుని, చెప్పులు గేటు బయట విడిచి వెళ్ళారు. బంగారమ్మ మిషను చుట్టూ ప్రదక్షిణం చేసింది. కొబ్బరికాయ కొట్టడానికి అప్పలసూరికి ఆ మిషనే అనువుగా కనిపించింది. ఆఫీసరు పరుగున వచ్చి కాయ లాక్కున్నాడు.

"ఇక్కడ దేవుడి ఊసే ఎత్తకూడదమ్మా."

"నిలబడిందే దేవుడైతే ఊసెత్తకుండా ఎలా బాబూ?"

"ఇందులో ఉన్నవాళ్ళంతా మనుషులేనమ్మా."

"చదువు ఎక్కువైతే ఇంతే, కళ్ళెదటున్నది కనపడదు" అని జాలిపడి, మీటకి పసుపు రాసి మరీ నొక్కింది.

శేషగిరిబాబు గెలిచాడు. కుళాయి రాలేదు. అడగబోతే ఆయన ఇంటి గేటు దగ్గరవాడు దర్శనం లేదు పొమ్మన్నాడు. బంగారమ్మ ఖాళీ బిందెతో ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడింది.

"నైవేద్యం పెట్టాం, అభిషేకం చేశాం. ఏం తక్కువైంది?"

గవరయ్య చేసిన పూజలన్నీ వేళ్ళ మీద లెక్కబెట్టి, "వదినా, పందిట్లో నిలబెట్టిన దేవుణ్ణి పూజలయ్యాక ఏం చేస్తాం?" అన్నాడు.

"కాలవలో నిమజ్జనం చేస్తాం."

"మరి చేశామా?"

అప్పలసూరి నెత్తి కొట్టుకున్నాడు. "అదీ సంగతి. అందుకే వరం మధ్యలో ఆగిపోయింది."

సరిగ్గా అప్పుడే వీధిలోకి విజయయాత్ర వచ్చింది. డప్పులు, రంగులు, చిందులు. "పాపం, ఊరేగింపు వాళ్ళే మొదలెట్టేశారు" అంది బంగారమ్మ. ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ శేషగిరిబాబుని అమాంతం భుజాలకెత్తుకున్నారు. జనం అభిమానం అనుకుని ఆయన రెండు చేతులా దణ్ణాలు పెట్టాడు. జనం కూడా అదే అనుకుని చప్పట్లు కొడుతూ వెంటబడ్డారు. కాలవ గట్టు మీద కూడా ఆయన ఇంకా దణ్ణాలే పెడుతున్నాడు.

ముంచి తీశారు. మళ్ళీ ముంచి తీశారు. ఆనక వదిలేసి గట్టెక్కారు.

పీకలోతు నీళ్ళలో బురద కక్కుతూ లేచాడు శేషగిరిబాబు. "పైకి లాగండర్రా. కుళాయి వేయిస్తాను తల్లీ, రేపే వేయిస్తాను. ఒట్టు."

అనుచరులు దూకబోయారు. బంగారమ్మ చేతులు అడ్డం పెట్టింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"ఆగండి నాయనా, తొందరపడకండి. పీకదాకా మునిగితేనే కుళాయి ఇచ్చాడు. పూర్తిగా మునిగితే రోడ్డు కూడా ఇస్తాడు."

అంతే, అప్పలసూరి, గవరయ్య పంచెలు ఎగ్గట్టి మళ్ళీ కాలవలోకి దిగారు.