చెవిలో వీణతీగ

అప్పలాచార్యులుగారి ఇంట్లో ఉండి సంగీతం నేర్చుకునేవాళ్లలో మృత్యుంజయం పెద్ద శిష్యుడు. గురువుగారు ఊరెళ్తే పాఠం చెప్పేదీ, తప్పులు పట్టేదీ అతనే. తప్పులు పట్టడంలో గురువుగారిని ఏనాడో మించిపోయాడు. ఒక ఉదయం అతను సింహాద్రి అనే చిన్న శిష్యుడి బట్టలసంచి తెచ్చి వీధిగుమ్మంలో పెట్టి, చేతులు కట్టుకుని గురువుగారిని అడిగాడు.

"నిరుడు శ్రుతి నిలవడం లేదని ఇద్దర్ని పంపేశాం. సింహాద్రి కూడా నెలరోజులుగా శ్రుతి తప్పుతున్నాడు. వీడికి మాత్రం ఎందుకండీ ఈ మినహాయింపు?"

ఇక్కణ్ణుంచి పంపేస్తే తనను ఇంకెవరూ చేర్చుకోరని సింహాద్రికి తెలుసు. తల వంచుకుని నిలబడ్డాడు. సంచి చూసిన ఆచార్యులుగారి ముఖం ఎర్రబడింది. సింహాద్రి చేతికి తంబూరా ఇచ్చి పాడమన్నారు. మొదటి స్వరమైన షడ్జమే దిగిపోయింది. మృత్యుంజయం పెదవి విరిచాడు. అప్పుడాయన సింహాద్రి దవడను తంబూరా దండికి ఆనించి మళ్లీ పాడించారు. ఈసారి షడ్జం రవ్వంత కూడా కదల్లేదు. దవడ తీయగానే మళ్లీ తప్పింది.

దవడ ఎముక గుండా నాదం వినబడితే శ్రుతి నిలుస్తోందంటే విద్య ఉంది, చెవే మూసుకుపోయిందని ఆయనకు అర్థమైంది. చెవులెలా శుభ్రం చేసుకుంటావని అడిగితే సింహాద్రి జేబులోంచి వంచిన వీణతీగ ముక్క తీశాడు. నాదం బాగా వినబడాలంటే పొద్దున్నే గుబిలి గీకెయ్యాలంటూ, కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆ తీగ వంచి ఇచ్చేది మృత్యుంజయమే. నెలరోజులుగా ఇంకా లోతుగా తియ్యమని కసురుతున్నదీ అతనే. చెవిని ఇత్తడి చెంబులా తోమమనే ఈ పెద్దరికం చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఆచార్యులుగారు ఇద్దర్నీ వెంటబెట్టుకుని చెవి డాక్టరు దగ్గరికి నడిచారు. ఆవిడ లైటు వేసి చూసి మండిపడింది. గుబిలి చెవికి కాపలా అనీ, చాలామందికి అది దానంతటదే బయటికి వచ్చేస్తుందనీ, పుల్లలూ తీగలూ పెట్టి తోస్తేనే లోపల బిగుసుకుపోతుందనీ చెప్పింది. కర్ణభేరి బాగానే ఉందని చూసుకున్నాకే, గుబిలిని మెత్తబరిచే చుక్కలమందు రాసిచ్చింది. కొన్నాళ్లకు మళ్లీ వెళ్తే గోరువెచ్చని నీళ్లతో మెల్లగా కడిగి తీసేసింది.

ఇంటికొచ్చి సింహాద్రి తంబూరా మీటాడు. దవడ ఆనించకుండానే షడ్జం నిలిచింది. ఆపైన పాడలేక ఏడ్చేశాడు.

గురువుగారు ఎవర్నీ ముట్టుకోనివ్వని సంచి ఇంకా గుమ్మంలోనే ఉంది. మృత్యుంజయం దాన్ని లోపలికి తెచ్చి, తన ప్రశ్నకు జవాబు దొరికిందనీ, తప్పు మన్నించమనీ వేడుకున్నాడు.

ఆచార్యులుగారి కోపం తగ్గలేదు. "వీడి సంచి లోపలికొచ్చింది, సరే. నిరుడు పంపేసిన ఆ ఇద్దరి చెవులూ మనలో ఎవడు చూశాడురా?" అన్నారు.