చెవికి హెడ్‌ఫోను, నోటికి వక్క

మల్లెమడుగు రాజు కొండభూపతిగారికి ఉన్నట్టుండి గొంతు పోయింది. వైద్యుడు మిరియాల కషాయం పోసి, "ప్రభూ, ఇక గొంతెత్తి అరవకండి. గుసగుసలతో సరిపెట్టుకోండి" అన్నాడు. రాజుగారు సింహాసనం మీద గుసగుసలాడితే వెనక వరసకేం వినబడుతుంది? వాళ్లు హాయిగా కునుకు తీశారు.

రాజుగారికి ఒళ్లు మండింది. ఉత్తర్వు వేశారు. ఇకమీదట తాను మైకులో మెల్లగా మాట్లాడతారు, సభలో ప్రతివాడూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినాలి!

"చవగ్గా ఉండాలి. మాట స్పష్టంగా వినబడాలి. పొద్దస్తమానం పెట్టుకున్నా చెవి నొప్పెట్టకూడదు. ఎవరు తెస్తారో తెండి."

ఆ కాలంలో హెడ్‌ఫోన్లేమిటని నన్నడక్కండి. రాజు తలుచుకుంటే దెబ్బలకే కొదవ లేదు, హెడ్‌ఫోన్లకుంటుందా?

ఖజానాదారు భద్రప్ప వెంటనే, "చిత్తం మహాప్రభూ!" అన్నాడు. చిత్తం అనడంలో ఆయన్ని మించినవాడు లేడు. రాజుగారు ఆవలించడానికి నోరు తెరిచినా చిత్తమే. మర్నాటికల్లా తళతళలాడే నల్ల హెడ్‌ఫోన్లు తెచ్చాడు. ఎక్కడివనుకున్నారు? సొంత బావమరిది దుకాణంలోవి.

రాజుగారి తాంబూలపు పెట్టె మోసే చిట్టెన్న ఊరుకుంటే బాగుండేది. కానీ వాడి నోరు ఊరుకునే రకమా? అదే ధరకి సంతలో దొరికే ఇంకో రకం పట్టుకొచ్చాడు. పాపం, వాటికి తళుకూ లేదు, బెళుకూ లేదు. చెవుల దగ్గర మాత్రం మెత్తటి దూది దిళ్లున్నాయి.

రాజుగారు భద్రప్ప సరుకు పెట్టుకుని మేళం పెట్టించుకున్నారు. "ఆహా! డోలు గుండెల్లో మోగుతోందిరా!" అని చిట్టెన్న చెవులకి తగిలించారు. వాడు కాసేపు విన్నాడు. డోలు దంచుతోందే గానీ సన్నాయి జాడే లేదు.

"ఉరుము బ్రహ్మాండంగా ఉంది ప్రభూ. వాన ఏదీ?"

భద్రప్పకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆకులు తుడిచే వెధవకి సంగీతం కూడానా! మహాప్రభూ, నా సరుకు చెవిని ఉడుంపట్టులా పట్టుకుంటుంది. సభ ముగిసేదాకా తీయకుండా కూర్చుంటాను. ఎవరిది ఓడితే వాళ్లు కొలువొదిలి ఊరు దాటాలి. సరేనా?"

రాజుగారికి పందెమంటే సరదా. సరేననేశారు. తాతల నాటి నుంచీ ఆ పెట్టె మోతే చిట్టెన్న వాళ్లకి కూడు. ఇంకో పని రాదు. ఊరొదిలి ఎక్కడికి పోతాడు?

ముందు సభవాళ్లంతా రెండు రకాలూ పెట్టుకుని చూశారు. ఏది మేలయ్యా అంటే, "రెండూ రెండే ప్రభూ!" అన్నారు. జీతాలు పంచేది ఖజానాదారు. మరేమంటారు?

రాజుగారు విసుక్కున్నారు. "ఒరే చిట్టెన్నా, అడిగితే వీళ్ల నోట నిజం రాదు. అడక్కుండా తేల్చగలవా? లేదంటే రేపే మూటాముల్లే సర్దుకో."

చిట్టెన్న తల గోక్కున్నాడు. భద్రప్ప వంక చూశాడు. తన చేతిలోని పెట్టె వంక చూశాడు.

"అడగడమెందుకు ప్రభూ? తలా ఒక తాంబూలం ఇప్పించండి."

మల్లెమడుగులో ఒక కట్టుబాటుంది. రాజుగారి చేతి తాంబూలం నోట్లో పెట్టుకుంటే ఆయన లేచేదాకా నమలాల్సిందే. మధ్యలో ఉమ్మితే మహాపరాధం. మర్నాడు చిట్టెన్న పెట్టెలో ఉన్నవాటిలోకెల్లా గట్టి వక్కలేరి, అందరికీ ఒకే తీరుగా చుట్టి రాజుగారి చేత ఇప్పించాడు. తనూ ఒకటి వేసుకున్నాడు. సభంతా దూది హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. భద్రప్ప ఒక్కడే మీసం మెలేసి నల్లవి బిగించుకున్నాడు.

ఇక నమలడం మొదలైంది. దూదివాళ్లకేం, దవడ ఆడితే దిండూ దాంతోపాటే ఆడింది. భద్రప్పకి మాత్రం దవడ కదిపినప్పుడల్లా ఆ ఉడుంపట్టు చెవుల్ని నొక్కి పారేసింది. పైగా అంత బిగువులో వక్క పటపటలన్నీ తలలోనే మోగాయి. చెవులు పండుమిరపకాయలయ్యాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. తీస్తే పందెం పోతుంది, ఉమ్మితే పరువు పోతుంది. నవ్వు మొహం పెట్టి నమిలాడు, పాపం!

రాజుగారు మైకు దగ్గరికి వంగారు. "వక్కలెలా ఉన్నాయి?"

"గట్టిగా ఉన్నాయి ప్రభూ!" అంది సభ.

రాజుగారి పెదవులు కదలడం భద్రప్పకి కనబడింది. మాట ఒక్కటీ వినబడలేదు. అయితేనేం, అలవాటైన నోరు కదా! "చిత్తం మహాప్రభూ!" అన్నాడు.

రాజుగారు కనుబొమ్మలెగరేశారు. చిట్టెన్న, "ఇంకోటి అడిగి చూడండి ప్రభూ" అని సైగ చేశాడు.

"భద్రప్పా, మీ బావమరిది సరుకు నాసిరకమే కదూ?"

"చిత్తం! తమరి మాటకి తిరుగేముంది ప్రభూ!"

వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు.

"చెవులు ఊడి చేతికొస్తున్నాయా?"

"చిత్తం, చిత్తం! అంతా తమరి చలవ!"

సభ గొల్లుమంది. చిట్టెన్నని చూసి నవ్వుతున్నారనుకుని భద్రప్ప కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. దాంతో సింహాసనం కదిలేలా నవ్విన రాజుగారికి తాగుతున్న కషాయం పొలమారింది.

"ఊరు దాటించడమెందుకులే, ఈ వినోదం మళ్లీ దొరకదు" అని కళ్లు తుడుచుకున్నారు. "గెలిచినవాడికి బహుమానం ఇవ్వాలి కదా. భద్రప్పా, మీ పల్లకీ చిట్టెన్నకి ఇచ్చేద్దామా?"

భద్రప్ప వక్క పక్కకి నెట్టి, రెండు చేతులూ జోడించి, వంగి మరీ చెప్పాడు.

"చిత్తం మహాప్రభూ! ఆలస్యం అమృతం విషం, ఇప్పుడే ఇచ్చేద్దాం!"