మబ్బు పడితే కప్పలు ఏమడుగుతాయి?

ఒకప్పుడు కప్పలకు అరవడం రాదు. ఏం కావాలన్నా గొంతులోనే గొణుక్కునేవి. వాన వస్తే నోరు మూసుకుని తడిసేవి.

ఆ రోజుల్లో కూడా ఆకాశానికి సొంత నీళ్లు లేవు. కింది నీళ్లే పైకి వెళ్లాలి, మళ్లీ వానై కిందికి రావాలి. అందుకని ఏటా ఎండాకాలంలో సూరీడు వడగాలి చేతికి ఒక కుండ ఇచ్చి పంపేవాడు. వడగాలి నీళ్లున్న ప్రతి చోటికీ వెళ్లి కుండ ముంచుకుని పోయేది. ఏటి దగ్గర ఒక కుండ. బావి దగ్గర ఒక కుండ. సముద్రం దగ్గరా ఒక్క కుండే!

ఈ పద్ధతి పెట్టించింది ఎవరనుకున్నారు? సముద్రమే. సూరీడు రోజూ పొద్దున్నే సముద్రం ఇంట్లోంచే కదా పైకి వస్తాడు. ఆ ఇంటి మర్యాదలందుకున్నవాడు ఇంకెవరి మాట వింటాడు? "పెద్దా చిన్నా తేడాలెందుకు బాబూ? అందరికీ ఒకటే కుండ. న్యాయమంటే అదీ," అంది సముద్రం. సూరీడు తలూపాడు.

ఒడ్డు దగ్గర ఇసక దిబ్బ వెనక ఒక చిన్న గుంట ఉండేది. గేదెలు పొర్లి పొర్లి పడిన గుంట. అందులో గోండ్రమ్మ అనే కప్ప కాపురం. ఈ కబురు వినగానే గోండ్రమ్మ ఎగిరి గంతేసింది. "సముద్రమూ మా గుంటా సమానమట! విన్నారా?" అని పీతలకూ నత్తలకూ చెప్పుకుని మురిసిపోయింది. కుండ ముంచాక ఎవరి దగ్గర ఎంత మిగులుతుందో మాత్రం ఒక్కరూ అడగలేదు. అక్కడే అందరూ మోసపోయారు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. గుంట అడుగంటింది. ఉన్న ఆ కాసిని నీళ్లలోనే గోండ్రమ్మ పిల్లలు ఈదుతున్నాయి. ఇంకా కాళ్లు రాలేదు, తోకలే.

వడగాలి కుండ పట్టుకుని రానే వచ్చింది. "జరుగమ్మా గోండ్రమ్మా, ముంచుకుని పోవాలి."

"అయ్యయ్యో, ఆగు నాయనా! నువ్వు కుండ ముంచితే మాకు బురదే మిగుల్తుంది. పిల్లలకు కాళ్లు రానీ. గెంతుకుంటూ వేరే చోటికి పోతారు. అప్పుడు అన్ని నీళ్లూ నువ్వే పట్టుకుపో."

"రూలు రూలే. సముద్రంగారు కూడా కుండెడు ఇచ్చారు. ఆయన నీలా ఏడ్చారా?"

ముంచింది. పోయింది. పిల్లల వీపులు నీళ్ల పైకి తేలాయి.

పోనీలే, వాన వస్తే మళ్లీ నిండుతుందని గోండ్రమ్మ ఆకాశం వంక చూస్తూ కూర్చుంది. మబ్బు వచ్చింది. గుంట మీదుగానే వెళ్లింది. రెండు చుక్కలు రాల్చి, నేరుగా పోయి సముద్రం మీద కుమ్మరించింది. ఎందుకంటే వాన పంచడానికి ఇంకో రూలుంది. ఎవరెంత వెడల్పుంటే వాళ్లకంత! తీసుకునేటప్పుడేమో అందరూ సమానమట. ఇచ్చేటప్పుడు మాత్రం వెడల్పు గుర్తొచ్చిందట. ఎంత సిగ్గులేని పనో చూశారా?

గుంట గట్టు వారనున్న పిల్లలు బురదకు అంటుకుపోయి కదలడం మానేశాయి. నడుమనున్నవి ఇంకా నోళ్లు తెరుస్తున్నాయి. గోండ్రమ్మకు ఒళ్లు మండిపోయింది. ఒక్కో గెంతూ గెంతుతూ దిబ్బ దాటి సముద్రం ముందుకు వచ్చి నిలబడింది. అప్పుడప్పుడే తెల్లవారుతోంది.

"నా గుంటలో నీళ్లు నాకిప్పించు," అంది.

సముద్రం నవ్వింది. "నువ్వూ కుండే ఇచ్చావు, నేనూ కుండే ఇచ్చాను. ఇంకేం కావాలే నీకు?"

"నీకు కుండెడు పోతే తడి కూడా తగ్గలేదు. నాకు కుండెడు పోతే పిల్లలు పోయారు!"

"నా నీళ్లు నేను కష్టపడి కూడబెట్టుకున్నవి."

"కష్టపడ్డావా? ఏళ్లూ వాగులూ మోసుకొచ్చి పోస్తుంటే పడుకుని తాగావు! అవి ఆగిపోతే నువ్వెంత, నీ లోతెంత?"

ఈ చివరి మాటకు గోండ్రమ్మ గొంతు బెలూన్‌లా ఉబ్బింది. అంతవరకూ ఏ కప్పా అరవని అరుపు అరిచింది. పీతలు కన్నాల్లోకి దూరాయి. అప్పుడే సముద్రంలోంచి తల పైకెత్తిన సూరీడు ఉలిక్కిపడ్డాడు.

"ఏంటే ఆ గోల? అందరి దగ్గరా సమానంగానే తీసుకుంటున్నాం కదా?"

"ఇవ్వనని నేనన్లేదు సూరీడు బాబూ! మా వంతు మేమిస్తాం. ముష్టి అడగడానికి రాలేదు. ఒక్కసారి నడినెత్తికి వచ్చాక మా గుంటలోకి తొంగి చూడు. ఆ తర్వాత సమానమనే మాట మళ్లీ నా మొహం మీద అను!"

మధ్యాహ్నం సూరీడు తొంగి చూశాడు. ఎప్పుడు చూసినా ఆ గుంటలో అతనికి తన మొహమే కనబడేది. తన అందం చూసుకుని వెళ్లిపోయేవాడు. ఆ రోజు నీళ్లు లేవు, మొహం కనబడలేదు. ఎండిపోతున్న పిల్లలు కనబడ్డాయి.

సూరీడు ఎర్రగా కందిపోయాడు. వడగాలి చేతిలోని కుండ లాక్కుని పగలగొట్టాడు. "ఇకనుంచి ఎంత ఉన్నవాళ్లు అంత ఇవ్వాలి. గుంట దగ్గర పుడిసెడు. సముద్రం దగ్గర మబ్బులకు మబ్బులు. ఆ మబ్బులు ముందు నేల మీద కురవాలి," అన్నాడు.

సముద్రం ఊరుకుంటుందా? దొరికిన ఉప్పంతా తెచ్చి తన నీళ్లలో కలిపేసుకుంది. "ఇప్పుడెవడు పట్టుకెళ్తాడో చూస్తా!" అని నురగలు కక్కింది. సూరీడు మంచినీళ్లు మాత్రం పైకి లాక్కుని, "ఆ ఉప్పు నువ్వే ఉంచుకో," అన్నాడు.

సాయంత్రానికి గుంట మీద వాన పడింది. బతికున్న పిల్లలు ఈదాయి. పీతలూ నత్తలూ పండగ చేసుకున్నాయి. గోండ్రమ్మ మాత్రం నవ్వలేదు. పోయిన పిల్లలు తిరిగి రాలేదు కదా! పైగా మర్నాడు పొద్దున చూస్తే, సూరీడు మళ్లీ సముద్రం ఇంట్లోంచే పైకి వస్తున్నాడు.

గోండ్రమ్మ మిగిలిన పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుంది. "మనం నోరు మూసుకున్నామంటే పాత కుండ మళ్లీ వచ్చేస్తుందర్రా. మబ్బు కనబడ్డప్పుడల్లా అడగండి. అందరూ కలిసి అడగండి. ఈ నీళ్లు ఎవరి దగ్గర్నుంచి తెచ్చావు? ఎవర్ని వదిలేశావు?"

అప్పటినుంచే మబ్బు పట్టగానే కప్పలన్నీ గొంతులుబ్బించి ఒక్కటిగా అరుస్తాయి. వాన వస్తోందని సంతోషమట, మనవాళ్లంటారు. పిల్లల్ని బురదలో పోగొట్టుకున్న ఇంట్లో సంతోషమేంటి? గోండ్రమ్మ నేర్పిన ఆ మాటే అడుగుతున్నాయి. ఇవాళ్టికీ అడుగుతూనే ఉన్నాయి.