గూడబాతు సంచిలో వడగల్లు

పులికాట్ సరస్సులో చేపలు పట్టుకుని, సాయంత్రానికి నేలపట్టులోని గూళ్లకు చేరడం గూడబాతుల రోజువారీ పని. ఆ దారిలో గాలీవానా కబురు చెప్పే కొలువు తీతువుది. అది ఒకసారి కూస్తే చిన్న రెక్కలకు జాగ్రత్త. మూడుసార్లు కూస్తే చిన్నాపెద్దా అందరికీ. పిట్ట కొంచెం కూత ఘనం. అయినా దాని కూత అపశకునమని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. వాన తెచ్చేది మబ్బు, తిట్లు తినేది తీతువు.

ఆ మధ్యాహ్నం తీతువు మూడుసార్లు కూసింది.

“ఉరుము మబ్బు నైరుతిలో ఉండాది. ఈశాన్యానికి నడస్తా ఉండాది. నడిచేకొద్దీ బలుస్తాది. పొద్దు వాలేదాకా ఈ మాట చెల్లుతాది.”

“నైరుతిలోనా? అయితే నేను ఈశాన్యంగా చుట్టుకుని పోతా,” అన్నారు గూడబాతుల పెద్ద భూషయ్యగారు. మూతికింది సంచి నిండా చేపలు. గూట్లో పొద్దుటినుంచీ నోళ్లు తెరుచుకుని మూడు పిల్లలు.

పక్కన రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకి నల్లక్క తల తిప్పింది.

“మామా, మబ్బు గూడా ఆడికే పోతా ఉండాదంట కదా. అది దాటినాక నేను బయల్దేరతా. నువ్వు గూడా కూచో.”

“పైకి చూడు. ఈశాన్యం అద్దం మాదిరి ఉండాది.”

“ఇప్పుడు ఉండాది,” అంది తీతువు. “నువ్వు పొయ్యేటప్పటికి ఉండదు.”

“నా రెక్క విప్పితే బారెడు. నీ మాటలు పిచ్చుకలకు చెప్పుకో పో.”

“పిచ్చుకలకైతే ఒకసారే కూసుందును మామా. నీకోసమే మూడుసార్లు కూసినా.”

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. భూషయ్యగారు దర్జాగా లేచారు.

ఆయనా మబ్బూ ఈశాన్యానికి ఇంచుమించు ఒకే వేళకు చేరారు. గాలి ఆయన్ని ఒకసారి పైకి తోసింది, ఒకసారి కిందికి నూకింది. భయంతో నోరు తెరిచేసరికి చేపలన్నీ సరస్సులోకి జారిపోయాయి. తెరిచిన నోట్లో వడగళ్లు పడ్డాయి. ఆ బారెడు రెక్కలతోనే ఒక ఉప్పుమడి గట్టుమీద కూలబడ్డారు.

మబ్బు దాటాక నల్లక్క తీరిగ్గా ఎగిరి, వెలుగుండగానే గూడు చేరి పిల్లలకు మేత పెట్టింది. భూషయ్యగారు ఆ తర్వాత ఎప్పుడో ఈడ్చుకుంటూ వచ్చారు. పిల్లలు మూడూ ఆబగా సంచిలోకి తలలు దూర్చాయి.

“నాయనా, ఈ చేప ఇంత చల్లగా ఉండాదేంది?” అని అడిగింది చిన్నది.

సంచిలో మిగిలిన ఒకే ఒక్క వడగల్లు అప్పటికే సగం కరిగిపోయింది. తప్పు తండ్రిది, పస్తు పిల్లలది.

నీతి: మబ్బు ఎక్కడుందో విన్నవాడు సగమే విన్నాడు, ఎటు పోతోందో కూడా విన్నవాడే ఇల్లు చేరతాడు.