మాస్టారి చేతి అద్దం

కౌండిన్య రాసిన ప్రోగ్రాము ఎన్నడూ ఎర్ర అక్షరం చూపించి ఎరగదు. డయాలసిస్ కేంద్రానికి వచ్చేవాళ్లు ఫోన్లో టైము బుక్ చేసుకునే జావా భాషలోని వెబ్‌సైటు అది. లోపల ఏ పొరపాటు జరిగినా పట్టుకునే చోటుని క్యాచ్ అంటారు. అక్కడ అతను ఒక్క ముక్కా రాయలేదు. పొరపాటు అక్కడికొచ్చి, జరిగినవన్నీ రాసుకునే లాగ్ అనే చిట్టాలోకి కూడా ఎక్కకుండా, ఏట్లో పడ్డ వానచినుకులా మాయమైపోయేది. తెర మీద మాత్రం "మీ టైము ఖాయమైంది" అని పచ్చగా వెలిగేది. ఆ పచ్చదనం చూసుకుని అతను మురిసిపోయేవాడు.

ఆ పొద్దున ఆత్మకూరు నుంచి ఈశ్వరమ్మ అనే పెద్దావిడ బస్సెక్కి వచ్చింది. ఫోన్లో పచ్చరంగు ఉంది, కేంద్రంలో ఆమె పేరు లేదు. మంచం ఖాళీ లేక వాచిన కాళ్లతోనే తిరిగి వెళ్లిపోయింది. ఇంకొకరికి ఇలా జరిగితే ప్రాణం మీదికొస్తుంది, ఎందుకైందో సాయంత్రంలోగా చెప్పమని కేంద్రం వాళ్లు ఫోన్ చేశారు.

"మన తప్పు కాదు మాస్టారూ," అన్నాడు కౌండిన్య. "లాగ్ మొత్తం చూశాను. ఒక్క ఎర్రరు కూడా పడలేదు."

అతనికి కోడు రాయడం నేర్పిన దస్తగిరి మాస్టారు కంప్యూటర్ వైపు తిరగనేలేదు. ఆయనకి షుగరు. డ్రాయర్లోంచి చేతి అద్దం తీసి నేల మీద పెట్టి, చెప్పు విడిచి, కుడికాలు దాని మీదికి ఎత్తాడు.

"కళ్లజోడు ఎక్కడో పెట్టా. అద్దంలో ఏముందో చెప్పు నాయనా."

కౌండిన్య వంగి చూశాడు. మడమలో ముల్లు విరిగి ఉంది. చుట్టూ రక్తం ఎండి నల్లబడింది.

"ఎప్పుడు గుచ్చుకుంది మాస్టారూ?"

"నాకేం తెలుసు."

"నొప్పి పుట్టలేదా?"

"లేదే. షుగరుతో పాదాలు మొద్దుబారాయిగా, హాయిగా తిరుగుతున్నా. కావాలంటే కాలినే అడుగు, ఏ ఇబ్బందీ లేదంటుంది."

కౌండిన్య నవ్వబోయి ఆగిపోయాడు. ముల్లు తీశాడు, దూదితో తుడిచి పట్టీ వేశాడు. చాలాసేపు ఆ పాదాన్ని వదల్లేదు.

తర్వాత తన కుర్చీలో కూర్చుని ఖాళీ క్యాచ్‌లు ఒక్కొక్కటే తెరిచాడు. జరిగింది జరిగినట్టు లాగ్‌లో పడేలా రాశాడు. పని పూర్తయితే తప్ప పచ్చరంగు వెలగకుండా చేశాడు. మధ్యాహ్నానికల్లా కొత్త కోడు సర్వర్లోకి ఎక్కింది.

సాయంత్రానికి లాగ్ నిండా ఎర్రర్లు. ఒకే టైముకి ఇద్దరు నొక్కితే, రెండో పేరుని, పేర్లన్నీ దాచే డేటాబేస్ తీసుకోవట్లేదు. ఆ రెండో పేరు ప్రతిసారీ ఎవరో ఒక ఈశ్వరమ్మది.

"ఇన్ని ఉన్నాయా మాస్టారూ," అన్నాడు నెమ్మదిగా.

మాస్టారు చెప్పు తొడుక్కున్నాడు.

"ముందు ఆ పెద్దావిడకి ఫోన్ చెయ్యి. తర్వాత ఆ అద్దం తుడిచి డ్రాయర్లో పెట్టు. రేపూ చూసుకోవాలి."